వేగమైన కంపైలరు ఏది?

“అన్నిటికన్నా వేగమైన కంపైలరు ఏది?”

కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టిన విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. చూడడానికి చిన్న ప్రశ్నే. కాని దీని కడుపులో రెండు ప్రశ్నలు దాగి ఉన్నాయి. మన ప్రోగ్రామును త్వరగా తర్జుమా చేసే కంపైలరు కావాలా? లేక, త్వరగా పరుగెత్తే ప్రోగ్రామును తయారుచేసి ఇచ్చే కంపైలరు కావాలా? ఈ రెండూ ఒకటే అనుకునేవారు చాలామంది ఉన్నారు. కావు! చాలాసార్లు ఒకదాని కోసం రెండోదాన్ని కొంత వదులుకోవలసి వస్తుంది.

ఎలాగో చూడండి. అర్ధవీడు నుంచి కంభం వెళ్ళాలనుకుందాం. ఇప్పుడే బయలుదేరే ఆర్డినరీ బస్సు ఒకటి ఉంది. దారిలో ఊరూరా ఆగుతూ నలభై నిమిషాలకు చేరుస్తుంది. ఎక్స్‌ప్రెస్ బస్సు ఇరవై నిమిషాల్లోనే చేరుస్తుంది కాని, అది రావడానికి ఇంకా గంట పడుతుంది. (ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవే.) రోడ్డు మీద ఎక్స్‌ప్రెస్సే వేగం. కాని కంభంలో ముందు దిగేది ఆర్డినరీ బస్సు ఎక్కినవాడే! అదే హైదరాబాదు వెళ్ళాలంటే లెక్క తిరగబడుతుంది. అంత దూరానికి గంటసేపు ఆగినా ఎక్స్‌ప్రెస్సే మేలు.

కంపైలరు సంగతీ అంతే. కంపైలు అయ్యేదాకా ఆగే కాలం బస్సు కోసం నిలబడడం వంటిది. ప్రోగ్రాము నడిచే కాలం ప్రయాణం వంటిది. మనకు అయ్యే ఖర్చు రెండూ కలిపిన మొత్తం. కనుక ‘వేగమైన కంపైలరు ఏది’ అని అడిగే ముందు ‘మన ప్రయాణం ఎంత దూరం’ అని అడగాలి.

కంపైలరు చేసే పని

కంప్యూటరుకు అర్థమయ్యేది ఒక్క యంత్రభాషే. అది సున్నాలు, ఒకట్లతో కూడిన భాష. మనుషులు ఆ భాషలో రాయడం మహా కష్టం. అందుకని మనం సి, పాస్కల్ వంటి భాషల్లో రాస్తాం. దాన్ని యంత్రభాషలోకి మార్చే మరో ప్రోగ్రామే కంపైలరు.

భాష మార్చడానికి ఇంకో పద్ధతి కూడా ఉంది. మార్కాపురం సభలో ఢిల్లీ నాయకుడు హిందీలో మాట్లాడుతుంటే పక్కన నిలబడ్డ వ్యక్తి ఒక్కొక్క వాక్యాన్నే తెలుగులో చెబుతూ పోతాడు గదా! అలా ఒక్కొక్క ఆదేశాన్నీ అప్పటికప్పుడు వివరించి అమలుచేసే ప్రోగ్రామును ఇంటర్‌ప్రెటరు అంటారు. 1984లో మన దేశంలోని స్కూళ్ళలో ‘క్లాస్’ పథకం మొదలైనప్పుడు వచ్చిన బి.బి.సి. మైక్రో కంప్యూటర్లలో ఉండిన బేసిక్ భాష ఇలాంటిదే. కంపైలరు అలా చేయదు. మొత్తం ఉపన్యాసాన్ని ముందే తెలుగులోకి రాసి పుస్తకంగా చేతికిస్తుంది. పుస్తకం తయారయ్యేదాకా ఆగాలి. తయారైతే ఎన్నిసార్లయినా గబగబా చదువుకోవచ్చు.

కంపైలరు మొదట మనం రాసినదాన్ని పదాలుగా విడగొడుతుంది. తరవాత వ్యాకరణం సరిచూస్తుంది. సంఖ్య ఉండవలసిన చోట సంఖ్యే ఉందా, వాడిన పేర్లన్నీ ముందే చెప్పి ఉన్నామా అని పరిశీలిస్తుంది. ఆపైన యంత్రభాషలోకి మారుస్తుంది. చివర లింకరు అనే సహాయకుడు విడివిడి భాగాలను అతికి ఒక్కటి చేస్తాడు.

వీటి మధ్యలో ‘మెరుగులు దిద్దడం’ అనే పని ఒకటి ఉంది. వెయ్యిసార్లు తిరిగే ఆవృత్తిలో ఎప్పుడూ ఒకే జవాబు వచ్చే గుణకారం ఉందనుకోండి. తెలివైన కంపైలరు దాన్ని బయటికి లాగి ఒక్కసారే చేయిస్తుంది. ఇలాంటి ఉపాయాలు డజన్లకొద్దీ ఉన్నాయి. కాని ప్రతి ఉపాయం వెతకడానికీ కాలం పడుతుంది. ప్రోగ్రాము వేగం పెరిగిన కొద్దీ కంపైలు వేగం తగ్గడానికి ముఖ్య కారణం ఇదే.

నలభై కిలోబైట్ల అద్భుతం

మొదట్లో ‘వేగం’ అంటే ప్రోగ్రాము వేగమే. అమెరికాలో గ్రేస్ హాపర్ 1952లో ‘ఏ-0’ అనే తొలి కంపైలరును తయారుచేసింది. ఐ.బి.ఎం. కంపెనీలో జాన్ బాకస్ బృందం 1957లో ఫోర్‌ట్రాన్ కంపైలరును విడుదల చేసింది. చేత్తో రాసిన యంత్రభాషతో పోటీపడేంత వేగమైన ప్రోగ్రాములు రాకపోతే తమ కంపైలరును ఎవరూ ముట్టుకోరని వారికి తెలుసు. అందుకే మెరుగులు దిద్దే పని మీద ఎంతో శ్రమపడ్డారు. అది న్యాయమే. ఆ రోజుల్లో కంప్యూటరు కాలం మనిషి కాలం కన్నా ఖరీదైనది! ప్రోగ్రామును కార్డుల మీద రంధ్రాలుగా పొడిచి, కట్టకట్టి కంప్యూటరు సెంటరులో ఇచ్చి రావాలి. ఫలితం గంటల తరవాతో మర్నాడో వచ్చేది. ఒక్క కామా తప్పితే మళ్ళీ మొదటికే!

1981లో ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు వచ్చాక పరిస్థితి మారింది. యంత్రం మన బల్ల మీదికి వచ్చింది. ఇక ఖరీదైన కాలం మనిషిదే. అయినా కంపైలర్లు మాత్రం పాత పద్ధతి వదలలేదు. ఒక ఫ్లాపీ నుంచి ఎడిటరు, మరో ఫ్లాపీ నుంచి కంపైలరు, ఆ తరవాత లింకరు – ఇలా మారుస్తూ కూర్చోవాలి. పైగా ఒక్కొక్క కంపైలరు ధర వందల డాలర్లు.

1983 నవంబరులో బోర్లాండ్ కంపెనీ ‘టర్బో పాస్కల్’ను 49.95 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. దాని కంపైలరును రాసినవాడు డెన్మార్కుకు చెందిన ఆండర్స్ హెల్స్‌బర్గ్. అందులో ఎడిటరు, కంపైలరు ఒకే ఫైలులో ఉండేవి. దాని మూడో కూర్పులో కూడా ఆ ఫైలు 40 కిలోబైట్ల లోపే! ఈనాడు ఫోనుతో తీసే ఒక్క ఫోటో దానికి వంద రెట్లు ఉంటుంది.

అంత వేగం ఎలా వచ్చింది? ప్రోగ్రామును మొదటి నుంచి చివరికి ఒక్కసారే చదివి, చదువుతూనే యంత్రభాషలోకి మార్చేది. ఫ్లాపీ జోలికి పోకుండా మెమరీలోనే పని కానిచ్చేది. మెరుగులు దిద్దడం జోలికి దాదాపు పోయేదే కాదు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి. తప్పు కనపడగానే ఆగిపోయి, ఎడిటరును తెరిచి, తప్పు ఉన్న చోటనే కర్సరును నిలబెట్టేది. “ఇదిగో, ఇక్కడ!” అన్నట్టు.

టర్బో పాస్కల్ కన్నా వేగంగా పరుగెత్తే ప్రోగ్రాములు ఇచ్చే కంపైలర్లు అప్పుడూ ఉన్నాయి. అయినా విద్యార్థులు, ఔత్సాహికులు దీనికే పట్టం కట్టారు. ఎందుకంటే వారి ప్రయాణం కంభం దాకానే, హైదరాబాదుకు కాదు!

కొసమెరుపు ఒకటి ఉంది. అదే హెల్స్‌బర్గ్ 2025 మార్చిలో, తాను సృష్టికర్తగా ఉన్న టైప్‌స్క్రిప్ట్ భాషకు సుమారు పది రెట్లు వేగమైన కంపైలరు వస్తోందని ప్రకటించాడు. పదిహేను లక్షల వరుసల ప్రోగ్రామును సరిచూడడానికి పాతదానికి 78 సెకన్లు పడితే కొత్తదానికి ఏడున్నర సెకన్లు పట్టింది. నలభై రెండేళ్ళ తరవాత కూడా ఆయన తగ్గించాలనుకున్నది అదే: మనిషి చేతులు కట్టుకుని ఎదురుచూసే కాలాన్ని.

నలభై నిమిషాల పీరియడు

“నేటి కంప్యూటర్లు ఎంతో వేగం గదా! ఇంకా ఈ లెక్కలన్నీ ఎందుకు?” అంటారేమో. కొత్త కంప్యూటరు సొంతంగా ఉన్నవారికి అవసరం లేదు, నిజమే. కాని అర్ధవీడు వంటి చోట చదివే విద్యార్థి సంగతి ఆలోచించండి. ఒక పాత కంప్యూటరు ముందు ముగ్గురు కూర్చున్నారనుకుందాం. పీరియడు నలభై నిమిషాలు. ఒక్కొక్కరి వంతుకు పదమూడు నిమిషాలు, అంటే 780 సెకన్లు వస్తాయి.

ఒక మార్పు ఆలోచించి రాయడానికి ఒక నిమిషం పడుతుందనుకుందాం. ఆ తరవాత జవాబు కోసం ఇంకో నిమిషం ఆగవలసి వస్తే, ఒక్కొక్క ప్రయత్నానికి 120 సెకన్లు. ఆరు ప్రయత్నాలతో వంతు అయిపోతుంది. ఆగే కాలం రెండు సెకన్లే అయితే పన్నెండు ప్రయత్నాలు చేయవచ్చు. అంటే, అదే యంత్రం, అదే పీరియడు, అదే విద్యార్థి – నేర్చుకోవడానికి అవకాశం మాత్రం రెండింతలు!

కనుకనే నా అభిప్రాయం ఇది: నేర్చుకునేవాడికి వేగమైన కంపైలరు అంటే, ప్రోగ్రామును అందరికన్నా వేగంగా పరుగెత్తించేది కాదు, చేసిన తప్పును త్వరగా, స్పష్టంగా తెలియజేసేది.

మార్కాపురం పలకలకు పేరు. పలక మీద తప్పు అక్షరం దిద్దితే మాస్టారు అప్పుడే వేలు పెట్టి చూపిస్తారు, అప్పుడే తుడిచి మళ్ళీ రాస్తాం. తప్పును వారం రోజుల తరవాత చెబితే, ఆ అక్షరం ఎలా రాశామో మనకే గుర్తుండదు. కంపైలరు కూడా మాస్టారి వేలు వంటిది కావాలి.

వేగం ఉంటే చాలా?

నేనన్న మాటలో ‘త్వరగా’ అనేది సగమే. ‘స్పష్టంగా’ అనేది మిగతా సగం. ఇది మరచిపోతే ఏమవుతుందో చూద్దాం.

మన వైపు కొన్ని కాలేజీల లాబుల్లో నీలి తెర టర్బో సి ఇప్పటికీ కనిపిస్తుంది. టర్బో సి మొదట వచ్చింది 1987లో. అది గొప్ప కంపైలరే, వేగమైనదే. కాని 16 బిట్ల యంత్రాల కాలం నాటిది. ఈనాటి 64 బిట్ల విండోస్ మీద అది నేరుగా నడవదు కూడా. పాత డాస్ యంత్రాన్ని అనుకరించే మరో ప్రోగ్రాములో దాన్ని నడపాలి. సి భాషకు మొదటి ప్రమాణం వచ్చిందే 1989లో. ఆ తరవాత భాష ఎన్నోసార్లు సవరణలు పొందింది. అవేవీ దానికి తెలియవు.

అందులో ‘ఇంట్’ అనే మామూలు పూర్ణసంఖ్య 32,767ను దాటలేదు. మీరు ఫాక్టోరియల్ ప్రోగ్రాము రాశారనుకోండి. 7కు 5,040 అని సరిగ్గా చెబుతుంది. 8కి జవాబు 40,320 కావాలి. టర్బో సి మాత్రం మైనస్ 25,216 అని చూపిస్తుంది! ధన సంఖ్యలను గుణిస్తే రుణ సంఖ్య వచ్చిందేమిటి? గడియారంలో పన్నెండు దాటితే మళ్ళీ ఒకటి వచ్చినట్టు, 16 బిట్లలో పట్టని సంఖ్య చుట్టు తిరిగి వస్తుంది. 40,320 నుంచి 65,536 తీసివేసి చూడండి, సంగతి మీకే తెలుస్తుంది.

కొత్త కంపైలర్లలో ‘ఇంట్’ సాధారణంగా 32 బిట్లు. అవి 12 ఫాక్టోరియల్‌ను 47,90,01,600 అని సరిగ్గానే చెబుతాయి. 13 దగ్గర అవీ తడబడతాయి. అసలు జవాబు 6,22,70,20,800. సాధారణంగా తెర మీద కనిపించేది 1,93,20,53,504. ఇది ఇంకా ప్రమాదం. రుణ సంఖ్య వస్తే అనుమానమైనా వస్తుంది; ఇది నిజమైన జవాబులాగే ఉంది! అయితే కొత్త కంపైలర్లలో ‘శానిటైజరు’ అనే కాపలాదారు ఉంటాడు. అతన్ని నిలబెడితే, సంఖ్య హద్దు దాటిన క్షణాన ఏ వరుసలో దాటిందో చెబుతాడు. కాపలా వల్ల ప్రోగ్రాము కొంత నెమ్మదిస్తుంది. నెమ్మదించనివ్వండి! ప్రోగ్రాము వేగం తగ్గినా, తప్పు తెలుసుకునే వేగం పెరిగింది గదా!

మరో ఉదాహరణ. సి భాషలో కీబోర్డు నుంచి సంఖ్యను తీసుకునే ‘స్కాన్‌ఎఫ్’ ఆదేశంలో, చలరాశి పేరు ముందు ఆంపర్‌సాండ్ గుర్తు పెట్టాలి. కొత్తగా నేర్చుకునేవారు దాన్ని తరచుగా మరచిపోతారు. పాత టర్బో సి దీన్ని పట్టించుకోదు. ప్రోగ్రాము ఏదో తప్పు జవాబు ఇస్తుంది లేదా కూలిపోతుంది. ఇక విద్యార్థి గంటసేపు వెతుక్కోవలసిందే. అర సెకండులో కంపైలు చేసి గంటసేపు వెతికించేదాన్ని వేగమైన కంపైలరు అనగలమా?

మరి దేన్ని ఎంచుకోవాలి?

రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో మొదట విడుదల చేసిన జి.సి.సి. ఉచితంగా దొరుకుతుంది. 2007లో బయటికి వచ్చిన క్లాంగ్ కూడా ఉచితమే. తప్పు ఉన్న వరుసను చూపి, సరిగ్గా ఆ అక్షరం కింద గుర్తు పెట్టి చూపించడం క్లాంగ్ మొదటి నుంచీ శ్రద్ధ పెట్టిన విషయం. తరవాత జి.సి.సి. కూడా అదే దారి పట్టింది. సి నేర్చుకునేవారు ఈ రెండింటిలో ఏదైనా తీసుకోవచ్చు. కాని రెండు సంగతులు గుర్తుంచుకోండి.

ఒకటి: హెచ్చరికలు అడిగి తెప్పించుకోండి. చిన్న గీత పెట్టి, పెద్ద డబ్ల్యూతో మొదలయ్యే ‘వాల్’ అనే సూచన ఇస్తే, స్కాన్‌ఎఫ్ పొరపాటు వంటివాటిని ఇవి కంపైలు చేసేటప్పుడే పట్టి ఇస్తాయి. హెచ్చరిక వచ్చినా ప్రోగ్రాము నడుస్తోంది గదా అని వదిలేయకండి.

రెండు: నేర్చుకునే దశలో మెరుగులు దిద్దమని అడగకండి. ‘ఓ2’ వంటి సూచనలు పెద్ద లెక్కలు చేసే ప్రోగ్రాములకు దాచుకోండి. ముప్పై వరుసల ప్రోగ్రాముకు అవి ఎక్స్‌ప్రెస్ బస్సు కోసం గంట నిలబడడం వంటివి.

కంప్యూటరు మరీ పాతదైతే? ఫ్రాన్సు దేశపు ఫాబ్రిస్ బెల్లార్డ్ రాసిన టి.సి.సి. అనే చిన్న సి కంపైలరు ఉంది. 2004లో ఆయన దీనితో లినక్సు కెర్నెలునే, కంప్యూటరు ఆన్ చేసినప్పుడు, మూల ప్రోగ్రాము నుంచి కంపైలు చేయించి, పదిహేను సెకన్ల లోపే పని మొదలుపెట్టించాడు! అయితే ఇది మెరుగులు పెద్దగా దిద్దదు, హెచ్చరికలూ తక్కువే. కనుక పదేపదే నడిపి చూడడానికి దీన్ని వాడి, రోజుకు ఒకసారైనా జి.సి.సి. చేతో క్లాంగ్ చేతో సరిచూపించుకోవడం మంచిది.

ఇంకో సంగతి. చాలాచోట్ల ఆలస్యానికి కారణం కంపైలరు కానే కాదు! కంపైలరుతోపాటు ఎడిటరు, రకరకాల కిటికీలు కలిపి ఇచ్చే భారీ సాఫ్ట్‌వేరు తెరుచుకోవడానికే పాత యంత్రాల్లో నిమిషాలు పడుతుంది. ఒక చిన్న ఎడిటరు, ఒక ఆదేశాల తెర పెట్టుకుంటే సగం బాధ తీరుతుంది. ఇంటర్‌నెట్‌లో దొరికే కంపైలర్లు బాగానే ఉంటాయి కాని, నల్లమల అంచు ఊళ్ళలో సిగ్నల్ తడబడితే అక్కడి వేగం మన చేతిలో ఉండదు.

హెచ్చరికలు ఇంగ్లీషులో వస్తాయని తెలుగు మీడియం విద్యార్థులు బెదరనవసరం లేదు. తరచుగా వచ్చేవి ఇరవై ముప్పైకి మించవు. ఒక నోటుపుస్తకంలో ఒకపక్క ఆ వాక్యం, రెండోపక్క దాని అర్థం తెలుగులో రాసుకోండి. నెల తిరిగేసరికి పుస్తకం చూడవలసిన పనే ఉండదు.

ఎదుటివారి వాదన

“ప్రోగ్రాము వేగానికి విలువే లేదంటారా?” అని కొందరు అడగవచ్చు. ఎందుకు లేదు! తుపాను దారిని ముందే లెక్కకట్టే ప్రోగ్రాము గంటలకొద్దీ నడుస్తుంది. దాన్ని రెండింతల వేగంతో నడిపించే కంపైలరు పది నిమిషాలు ఎక్కువ తీసుకున్నా నష్టం లేదు. వారి ప్రయాణం దూరం. మీరూ ఒకనాటికి అంత దూరం పోతారు. అప్పుడు ఎక్స్‌ప్రెస్ ఎక్కండి.

“కంపైలరు మరీ త్వరగా జవాబు ఇస్తే పిల్లలు ఆలోచించడం మానేస్తారు” అనేది ఇంకో వాదన. ఇందులో నిజం ఉంది. కార్డుల కాలంలో ఒక్క తప్పుకు ఒక రోజు పోయేది కనుక, ఇచ్చే ముందు కాగితం మీద వరుస వరుసా సరిచూసుకునేవారు. ఇప్పుడు కొందరు ఏదో ఒకటి మార్చి మీట నొక్కుతారు, కుదరకపోతే ఇంకోటి మార్చి నొక్కుతారు. అది నేర్చుకోవడం కాదు. చీకట్లో తాళంచెవులు మార్చి చూడడం! కాని దీనికి మందు కంపైలరును నెమ్మది చేయడం కాదు. మీట నొక్కే ముందే ‘జవాబు ఇంత రావాలి’ అని పలక మీదో కాగితం మీదో రాసిపెట్టుకోండి. వచ్చినదాన్ని దానితో పోల్చండి. తేడా వస్తే, ఎందుకొచ్చిందో తెలిసేదాకా దేన్నీ మార్చకండి.

మీరే కొలిచి చూడండి

నా మాట నమ్మి ఊరుకోకండి. మీ స్కూలులో ఉన్న కంప్యూటరు మీదే ప్రయోగం చేయండి. యాభై వరుసల ప్రోగ్రాము ఒకటి తీసుకోండి. ఫోనులోని స్టాప్‌వాచీతో, కంపైలు మొదలైనప్పటి నుంచి అయ్యేదాకా పట్టిన కాలం కొలవండి. ఇలా ఆరుసార్లు చేయండి. మొదటి కొలతను పక్కన పెట్టండి. మొదటిసారి కంపైలరు డిస్కు నుంచి మెమరీకి రావాలి కనుక ఎక్కువ పడుతుంది. మిగిలిన అయిదింటినీ వరుసలో పేర్చి, మధ్యదాన్ని తీసుకోండి.

తరవాత అదే ప్రోగ్రాములో కావాలని మూడు తప్పులు పెట్టండి: ఒక సెమికోలన్ తీసేయండి, ఒక చలరాశి పేరు తప్పుగా రాయండి, స్కాన్‌ఎఫ్‌లో ఆంపర్‌సాండ్ వదిలేయండి. ఏ కంపైలరు ఎన్ని పట్టుకుంది? సరైన వరుసనే చూపించిందా? ఈ రెండు కొలతలనూ ఒక పట్టికలో రాయండి. రెండింటిలోనూ బాగున్న కంపైలరే మీ స్కూలుకు తగినది. ఇంకో స్కూలులో జవాబు వేరుగా రావచ్చు.

ఆ పట్టికను మీ మాస్టారికి చూపించండి. లాబులో ఏ కంపైలరు ఉండాలన్నది అలవాటును బట్టి కాక, మీరు కొలిచిన అంకెలను బట్టి తేలితే అంతకన్నా కావలసిందేముంది!